డిస్నీ వరల్డ్‌లో ఎక్కడ తినాలో తేల్చుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది

అక్టోబరు 7, 2025, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర. విజయనగరం వారికి ఆ రోజు ఏమిటో చెప్పనక్కరలేదు. మా ఊరి జాతరలో ముందురోజు తొలేళ్ళు, ఆ రోజు పూజారి పొడవాటి మాను చివర కూర్చుని ఊరేగే పైడితల్లి అమ్మవారి సిరిమాను. మూడు లాంతర్ల కూడలికి దగ్గరలోని మా ఇంట్లో పాతికమంది చుట్టాలు మేడ మీద గోడ పట్టుకుని నిలబడి ఉంటే, నేను మాత్రం వంటింటి పక్క గదిలో తలుపు వేసుకుని, ఫ్లోరిడాలోని ఒక భోజనశాలలో డిసెంబరు 6న ఆరుగురికి బల్ల దొరుకుతుందేమోనని ఫోను తెర వంక చూస్తూ కూర్చున్నాను. మూడు ఇరవై ఏడుకు వీధిలో కరెంటు తీసేశారు. వైఫై పోయింది. లక్షల మంది చేరిన ఊళ్ళో ఫోను సిగ్నలు సంగతి సరేసరి. తెల్లని తెర మీద ఒక చక్రం తిరుగుతూనే ఉంది, బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. "అమ్మవారు ఎదురుగా వస్తుంటే ఈ హోటలు గొడవేమిటి వదినా" అని మా ఆడపడుచు తలుపు తట్టి మరీ కోప్పడింది. ఫోను మంచం మీద పడేసి నేనూ మేడ ఎక్కాను. సిరిమాను చూశాను, దండం పెట్టుకున్నాను, బల్ల పోయింది.

ఇంత హడావుడి ఎందుకంటే, ఫ్లోరిడాలో వినోద పార్కులు, హోటళ్ళు కలిసి ఉన్న డిస్నీ వరల్డ్‌లో కూర్చుని తినే భోజనశాలలకు, బఫేలకు అరవై రోజుల ముందు రిజర్వేషన్లు తెరుస్తారు. తెరిచేది అక్కడి ఉదయం ఆరు గంటలకు. అక్టోబరులో అది మనకు మధ్యాహ్నం 3:30 అవుతుంది, నవంబరు మొదటి ఆదివారం వారు గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్న తరువాత 4:30 అవుతుంది. డిసెంబరు 6 నుంచి వెనక్కి అరవై రోజులు లెక్కపెడితే సరిగ్గా సిరిమాను రోజు వచ్చింది. డిస్నీ వారి సొంత హోటళ్ళలో దిగేవారికి, దిగే రోజుకు అరవై రోజుల ముందే, పది రోజుల వరకు తమ బస మొత్తానికి ఒకేసారి బల్లలు చెప్పుకునే వీలుంది. మేము వంటగది ఉన్న బయటి హోటలు తీసుకున్నందువల్ల ఏ రోజు బల్ల ఆ రోజుకు విడిగా పట్టుకోవలసి వచ్చింది. మా అమ్మాయి టాంపాలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తుంది, ఉదయం ఏడు దాటితే గాని బయట పడదు. అల్లుడు గారు ఆ వారం పనిమీద వేరే ఊళ్ళో ఉన్నారు. ఆ వేళకు ఖాళీగా ఉండేది మేమేనని అమ్మాయి తన ఖాతా వివరాలు నాకు ఇచ్చింది. సిరిమాను సంగతి దానికీ గుర్తు లేదు, చిత్రమేమిటంటే నాకూ ఆ ముందు రోజు వరకు తట్టలేదు.

తేదీ మార్చడానికి కూడా వీలు లేకపోయింది. మనవరాలికి డిసెంబరు 12న పదేళ్ళు నిండుతాయి, చిన్నవాడికి జనవరిలో మూడేళ్ళు నిండుతాయి. అక్కడ టిక్కెట్టుకైనా బఫేకైనా మూడేళ్ళ లోపు పిల్లలకు ఖర్చు లేదు, మూడు నుంచి తొమ్మిదేళ్ళ వరకు పిల్లల ధర, పది నిండితే నాతో, మా వారితో సమానంగా పెద్దల ధర. ఇద్దరు పిల్లల పుట్టినరోజులకు ముందే వెళ్ళి రావాలన్న లెక్క మా అల్లుడు గారిది. ఆ లెక్కకు సరిపడేవి, అమ్మాయికి సెలవు దొరికేవి, డిసెంబరు 6, 7 తేదీలు మాత్రమే. శని, ఆదివారాలు.

శనివారం అనగానే అసలు చిక్కు మొదలైంది. మా వారు ఇరవై ఏళ్ళుగా వెంకటేశ్వరస్వామికి శనివారం ఒంటిపూట ఉంటారు. మధ్యాహ్నం ఒక్కసారి, ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం, రాత్రికి ఉప్మా వంటి పలహారం. మిగతా రోజుల్లో ఆయన కోడి, చేప, గుడ్డు తింటారు. గొడ్డు మాంసం, పంది మాంసం మా ఇంట్లో ఎవరమూ ముట్టం. దీనికి తోడు ఆయనకు చక్కెర వ్యాధి, భోజనానికి అరగంట ముందు మాత్ర వేసుకోవాలి. మనవరాలు నచ్చినవి నాలుగే తింటుంది. చిన్నవాడు పెరుగన్నం తప్ప మరొకటి ముట్టడు. ఇటువంటి కుటుంబానికి భోజనశాలను ఎంచుకోవడమంటే సంబంధం చూడటం కంటే కష్టమని సెప్టెంబరు నెలంతా ఫోనులో జరిగిన చర్చల్లో నాకు అర్థమైంది.

ఆ చర్చల్లో ఒక్కొక్కటీ ఎలా రాలిపోయిందో చెబితే మీలో కొందరికి పనికి రావచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కులోని కోటలో సిండరెల్లా పేరిట ఉన్న భోజనశాల మనవరాలి మొదటి కోరిక, కాని అక్కడ బల్ల చెప్పుకున్న రోజే భోజనం సొమ్మంతా కట్టేయాలి, పైగా ప్రతి తలకు ఒకదాని తరువాత ఒకటిగా మూడుసార్లు వడ్డించే భోజనం ధర పడుతుంది, నాలుగు పదార్థాలే తినే పిల్లకు అది వృథా. ఒహానా అనే చోట బఫే కాదు, వడ్డన పళ్ళేలు బల్ల మీదికే వస్తాయి, కాని రాత్రి భోజనంలో ప్రధానమైనది కాల్చిన మాంసమే. ఎప్‌కాట్ అనే పార్కులోని జర్మనీ మండపంలో బియర్‌గార్టెన్ అనే బఫే ఉంది, సంగీతం ఉంటుందని అల్లుడు గారు ఉత్సాహపడ్డారు, కాని సాసేజిలు, పంది మాంసం లేకుండా అక్కడ తినేందుకు మాకు మిగిలేది తక్కువ. అదే ఎప్‌కాట్‌లో గార్డెన్ గ్రిల్ అనే భోజనశాల మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుందట, కూరగాయల్లో కొన్ని ఆ భవనంలోని తోటల్లోనే పండిస్తారట. నాకు మనసైంది అదే, కాని మా రెండు రోజుల్లో ఎప్‌కాట్ లేదు. షెఫ్ మిక్కీస్ అనే బఫే పార్కులో కాదు, కాంటెంపరరీ అనే హోటల్లో ఉంది, అక్కడికి పార్కు టిక్కెట్టు లేకుండానే వెళ్ళవచ్చు. దానిని చివరి వరకు పక్కన పెట్టుకున్నాం.

అప్పుడు మా వారు ఒక మాట అన్నారు. "బఫేలో నేను తిన్నా తినకపోయినా తలకింత కదా. శనివారం నన్ను బఫేకు తీసుకెళ్ళడమంటే దేవుడికి చెల్లించవలసింది హోటలువాడికి చెల్లించడమే." హాస్యానికి అన్నా, మా ప్రణాళిక మొత్తం ఆ మాట మీదనే నిలబడింది. శనివారం ఎవరికి కావలసింది వారు తెప్పించుకుని కూర్చుని తినే చోటు, ఆదివారం బఫే. శనివారం ఉండేది యానిమల్ కింగ్‌డమ్ అనే జంతువుల పార్కులో కనుక, దాని పక్కనే ఉన్న యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లోని సనా అనే భోజనశాలను ఎంచుకున్నాం. అక్కడ ఆఫ్రికా, భారతదేశపు వంటలు కలిపి వండుతారు, కిటికీల అవతల గడ్డి మైదానంలో జిరాఫీలు, చారల గుర్రాలు తిరుగుతుంటాయి. ఆదివారం మ్యాజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల భవనంలో బఫే. అక్కడ విన్నీ ద పూ, టిగ్గర్, పిగ్లెట్, ఈయోర్ అనే పిల్లల కథల జంతువుల వేషాలలో ఉన్నవారు బల్లల దగ్గరకు వచ్చి పిల్లలను పలకరిస్తారు.

సిరిమాను రోజు సాయంత్రం ఆరున్నరకు సిగ్నలు తిరిగి వచ్చాక చూస్తే సనాలో శనివారానికి ఆరుగురికి మిగిలిన వేళ ఒక్కటే: రాత్రి 8:50. డిసెంబరులో అక్కడ అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. చీకట్లో జిరాఫీ లేదు, ఒంటిపూట భోజనం లేదు. అయినా అమ్మాయి దానినే పట్టుకుని ఉంచమంది. చేతిలో ఏదో ఒకటి ఉంటే తరువాత మంచిది దొరికినప్పుడు దీనిని వదిలేయవచ్చని, అక్కడి చాలా భోజనశాలల్లో వేళకు రెండు గంటల ముందు వరకు రద్దు చేసుకుంటే ఏమీ పట్టుకోరని, చేసుకోకపోతే మాత్రం తలకు 10 డాలర్ల చొప్పున కార్డు నుంచి తీసుకుంటారని చెప్పింది. ఈ 10 డాలర్ల మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మరునాడు, అక్టోబరు 8న, ఆదివారం బఫే కోసం కూర్చున్నాను. ఈసారి కంటోన్మెంటులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళి, రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని, మూడు పదిహేనుకే సిద్ధమయ్యాను. సరిగ్గా మూడున్నరకు వేళలు కనిపించాయి. రెండు నిమిషాల్లో పొద్దుటి ఎనిమిది, తొమ్మిది గంటల బల్లలు మాయమయ్యాయి. ఉదయం 10:40కి దొరికింది. నా చేతులు వణికాయంటే నవ్వకండి, పదో తరగతి ఫలితాలు చూసినప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు. మొదట ఆలస్యమైన వేళ అని బాధపడ్డాం గాని, తరువాత అదే కలిసి వచ్చింది. ఉదయపు బఫే ధర మధ్యాహ్నపు బఫే ధర కంటే తక్కువ, 10:40కి కూర్చుని నిదానంగా తింటే మధ్యాహ్న భోజనం అవసరం ఉండదు.

నవంబరు 16న బయలుదేరాం. భోగాపురం విమానాశ్రయం అప్పటికింకా తెరవలేదు కనుక విశాఖపట్నం నుంచే వెళ్ళాం. ప్రయాణం గురించి మరొకప్పుడు రాస్తాను. టాంపా చేరాక ప్రతి రాత్రి పడుకునే ముందు సనాలో పగటి వేళ ఏదైనా ఖాళీ అయిందేమోనని చూడటం నాకు అలవాటుగా మారింది. పదమూడు రాత్రులు ఏమీ కనబడలేదు. నవంబరు 29 రాత్రి, అందరూ నిద్రపోయాక, డిసెంబరు 6 మధ్యాహ్నం 1:20 అని కనిపించింది. ఎవరో వదులుకున్నారు. అమ్మాయిని లేపకుండానే నొక్కేశాను. ఆ సంతోషంలో పాత 8:50 బల్లను రద్దు చేయాలన్న సంగతి నాకు గుర్తు రాలేదు.

శుక్రవారం రాత్రి హోటలు చేరి, తెల్లవారుజామున లేచి చింతపండు పులిహోర, చిన్నవాడికి పెరుగన్నం కలిపాను. డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్ళనిస్తారన్నది నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించిన విషయం. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు ముక్కలు మాత్రం కూడదు. ద్వారం దగ్గర సంచి తెరిచి చూసిన యువకుడు డబ్బా మూత తీయమని కూడా అనలేదు. మంచినీళ్ళు కొనవలసిన పని కూడా లేదు, నిలబడి తెచ్చుకునే తిండి కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్ళు గ్లాసుల్లో ఊరికే ఇస్తారు. ఈ రెండు సంగతులు ముందే తెలిసి ఉంటే మేము రెండు రోజులకు రెండే రెండు బల్లల కోసం వెతికేవాళ్ళం. సెప్టెంబరులో అయిదు పూటలకు వెతికాం.

యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ బండి ఎక్కి దిగేసరికి పదకొండు దాటింది. సనా పార్కులో లేదన్నది కాగితం మీద తెలిసిన విషయమే గాని, దాని అర్థం కాళ్ళకు అప్పుడు తెలిసింది. పార్కు లోపలి నుంచి ద్వారం వరకు చిన్నవాడి బండి తోసుకుంటూ నడవడం, కారు నిలిపిన చోటు వెతుక్కోవడం, హోటలు గేటు దగ్గర రిజర్వేషన్ చూపించడం, లోపల కిడానీ విలేజ్ అనే భాగానికి చేరడం, అన్నీ కలిపి యాభై నిమిషాలు పట్టింది. భోజనానికి వచ్చినవారి కారుకు హోటల్లో రుసుము తీసుకోరు. పార్కులో ఆ పొద్దున కారు నిలపడానికి 30 డాలర్లు కట్టిన మా అల్లుడు గారికి అది కొంత ఊరట. బల్ల సిద్ధం కాగానే ఫోనుకు సందేశం వస్తుందన్నారు. ఇక్కడొక జాగ్రత్త: ఆ సందేశం అమెరికా నంబరుకు వస్తుంది కనుక, ఆ ఫోను ఉన్న మనిషి పిల్లలతో పాటు జంతువులను చూడటానికి వెళ్ళిపోకూడదు. మా అల్లుడు గారు వెళ్ళిపోయారు.

వడ్డించే అమ్మాయితో మా వారి నియమం ఎలా చెప్పాలో రాత్రంతా సాధన చేశాం. తీరా మా అమ్మాయి రెండు వాక్యాల్లో చెప్పేసింది: మాంసం, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి వద్దు, ఇది జబ్బు కాదు, నియమం. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది, కాసేపటికి తెల్లకోటు వేసుకున్న వంటాయన స్వయంగా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డారు. వేటిలో ఉల్లి ఉందో, వేటిలో లేదో ఒక్కొక్కటీ చెప్పారు. ఎవరికైనా సరిపడని పదార్థాలుంటే అక్కడ అలా వచ్చి మాట్లాడటం మామూలేనని తరువాత తెలిసింది. కాని వంటాయన తన కోసం బయటికి రావడం చూసి మా వారు కుర్చీలో నుంచి లేవబోయారు. అక్కడ పేరు పొందినది రొట్టెల పళ్ళెం: మనకు నచ్చిన అయిదు రకాల రొట్టెలు, వాటితో తొమ్మిది రకాల నంజుళ్ళు. మామిడి పచ్చడి, చింతపండు పచ్చడి, కీరా పెరుగుపచ్చడి, వెల్లుల్లి ఊరగాయ, ఇలా వరసగా చిన్న చిన్న గిన్నెల్లో వస్తాయి. రెండు పళ్ళేలు తెప్పించాం. మా వారికి వెల్లుల్లి తగలని నాన్, మామిడి పచ్చడి, పెరుగుపచ్చడి, విడిగా అన్నం. మనవరాలు సాదా నాన్‌కు వెన్న రాసుకుని మూడు తింది. చిన్నవాడు నేను సంచిలోంచి తీసిన పెరుగన్నం తింటూ, అద్దం అవతల జిరాఫీ తల వంచి గడ్డి మేస్తుంటే దానికీ ఒక ముద్ద పెట్టమని గొడవ చేశాడు. ఆ బల్ల దగ్గర మేము గంటా నలభై నిమిషాలు కూర్చున్నాం, ఎవరూ లేవమనలేదు. పన్ను, టిప్పు కలిపి 190 డాలర్ల వరకు అయింది. మా రెండు రోజుల ఖర్చులో మనసు నొచ్చుకోకుండా ఇచ్చిన డబ్బు అదే.

ఆ రోజు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సాయంత్రం ఆరు గంటలకు పిల్లలకు మళ్ళీ ఆకలి వేసింది, నాకు వండే ఓపిక లేదు. హోటలుకు వెళ్ళే దారిలో, డిస్నీకి సంబంధం లేని ఒక బఫే కనిపించింది. తక్కువ ధర, పెద్ద బోర్డు, బయట పిల్లల కుటుంబాలు. రిజర్వేషన్ అక్కరలేదు. మా వారు తాను ఏమీ తిననని, పళ్ళు మాత్రం తెచ్చుకుంటానని అన్నారు. ఉడికించిన చిక్కుళ్ళు పచ్చగా కనబడితే, కాయగూరే కదా అని నేనే రెండు గరిటెలు ఆయన పళ్ళెంలో వేశాను. రెండు ముద్దలు తిన్నాక ఆయన ఫోర్కుతో ఒక చిన్న గులాబీ రంగు ముక్కను పక్కకు తీసి, "ఇదేమిటి?" అని అడిగారు. అమ్మాయి వెళ్ళి కనుక్కుని వచ్చింది. పంది మాంసం. రుచి కోసం చిక్కుళ్ళతో కలిపి ఉడికిస్తారట. పదార్థం పేరు రాసిన చీటీ మీద ఆ మాట లేదు, మేమూ అడగలేదు.

ఆయన నన్ను ఏమీ అనలేదు. నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నారు. ఇరవై ఏళ్ళ శనివారాలు నా చేతి మీదుగా పోయినట్టు అనిపించి, నాకు గొంతు పూడుకుపోయింది. "తెలియక జరిగింది, స్వామికి తెలుసులే" అని ఆయనే నన్ను ఓదార్చవలసి వచ్చింది. ఎవరూ మాట్లాడని ఆ నిశ్శబ్దంలో మనవరాలు, "అమ్మమ్మా, ఇప్పుడు మనకు ఇంకో డిన్నర్ ఉందా? అమ్మ ఫోనులో 8:50 అని వచ్చింది" అంది. అల్లుడు గారు గడియారం చూశారు. 6:38. రెండు గంటల గడువుకు మిగిలింది పన్నెండు నిమిషాలు. అక్కడే, ఆ చిక్కుళ్ళ పళ్ళెం పక్కనే, పాత బల్లను రద్దు చేశాం. అరవై డాలర్లు మిగిలాయని చిన్నగా నవ్వింది కూడా మా వారే. ఆ రాత్రి హోటలు గదిలో స్నానం చేసి, దీపం లేకపోయినా దండం పెట్టుకుని, నేను చేసిన ఉప్మా తిన్నారు.

ఆదివారం 10:40 బల్లకు తొమ్మిదింటికే బయలుదేరాం. హోటలు నుంచి ఇరవై నిమిషాల దారే. కాని మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారు తిన్నగా పోదు. ఒక చోట కారు నిలిపి, సంచుల తనిఖీ దాటి, అక్కడి నుంచి మోనోరైలో, పడవో ఎక్కి సరస్సు దాటితే గాని పార్కు ద్వారం రాదు. మోనోరైలు దగ్గర వరుస చూసి పడవ ఎక్కాం. దూరంగా కోట కనబడుతుంటే పిల్లలు కేరింతలు కొడుతున్నారు, మా అమ్మాయి గడియారం చూస్తోంది, మా వారు పదిన్నరకు భోజనమని లెక్క వేసుకుని పది గంటలకే చక్కెర మాత్ర వేసుకున్నారు. ద్వారం దాటి, ఆ పొడవాటి వీధంతా చిన్నవాడి బండి తోసుకుంటూ దాదాపు పరుగెత్తి 10:49కి చేరాం. పేరు చెప్పాం. అక్కడి నుంచి మరో ముప్పై నిమిషాలు నిరీక్షణ! రిజర్వేషన్ అంటే ఆ వేళకు బల్ల సిద్ధంగా ఉంటుందని కాదు, ఆ వేళ నుంచి వరుసలో మనకు ముందు చోటు దొరుకుతుందని మాత్రమే. అప్పటికి మా వారికి చెమటలు పట్టడం మొదలైంది. సంచి అడుగున విజయనగరం నుంచి తెచ్చిన నువ్వుల ఉండలు ఉన్నాయి కనుక సరిపోయింది. రిజర్వేషన్ వేళను నమ్ముకుని మాత్ర వేసుకోకూడదని అప్పుడు తెలిసింది.

లోపల అంతా వెలుగు. కప్పు వరకు అద్దాలు, తెల్లని కమ్మీలు, కుండీల్లో మొక్కలు. శనివారపు అనుభవం తరువాత నేను పళ్ళెం పట్టుకునే ముందే వంటాయనను పిలిపించమన్నాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని బఫే వరస పొడుగునా నడిచారు: ఇది గుడ్డు, ఇది పంది మాంసపు సాసేజి, ఈ బంగాళాదుంపల్లో మాంసం లేదు కాని పక్క గిన్నెలోని గరిటె వీటిలోకి రావచ్చు, కావాలంటే లోపలి నుంచి వేరుగా తెప్పిస్తాను. అడిగినందుకు విసుగు చూపలేదు. మా విందుల్లో వడ్డించేవారిని ఇన్ని ప్రశ్నలు వేస్తే ఏమనేవారో నేను చెప్పగలను.

మనవరాలు మిక్కీ మొహం ఆకారంలో ఉన్న వాఫిళ్ళు నాలుగు తింది, తన నాలుగు పదార్థాల జాబితాలో అయిదోది చేరింది. అసలు చిన్నవాడి కోసమే ఈ చోటు ఎంచుకున్నాం. టిగ్గర్ గెంతుకుంటూ మా బల్ల వైపు రాగానే వాడు గావుకేక పెట్టి నా చీర కొంగులో దూరాడు. టిగ్గర్ వేషంలో ఉన్న మనిషి వెంటనే ఆగి, నాలుగడుగులు వెనక్కి వేసి, మోకాళ్ళ మీద కూర్చుని దూరం నుంచే చెయ్యి ఊపారు. వాడు కొంగు తీయలేదు. పది నిమిషాల తరువాత నెమ్మదిగా, తల వంచుకుని, దిగులుగా వచ్చిన గాడిద ఈయోర్‌ను మాత్రం వాడు ముక్కు పట్టుకుని చూశాడు. నాలుగు వేషాలు మా బల్లకు రావడానికి దాదాపు నలభై నిమిషాలు పట్టింది, ఆ నలభై నిమిషాల్లో పళ్ళెం తెచ్చుకోవడానికి అందరం ఒకేసారి లేచి ఉంటే ఒకరిని పోగొట్టుకునేవాళ్ళం. ఎప్పుడూ ఒకరం బల్ల దగ్గర ఉండేలా వంతులు వేసుకున్నాం. నా వంతు వచ్చేసరికి నా గుడ్లు చల్లారిపోయాయి.

బిల్లు వచ్చింది. పెద్దలు నలుగురు, పిల్లల ధరకు ఒకరు, చిన్నవాడికి సున్నా. అయితే రిజర్వేషన్‌లో ఆరుగురం ఉన్నందువల్ల వందకు పద్దెనిమిది చొప్పున టిప్పు బిల్లులోనే కలిసిపోయింది. డబ్బు కట్టనక్కరలేని చిన్నవాడు లెక్కలో ఆరో మనిషయ్యాడు. పన్నుతో కలిపి మొత్తం 300 డాలర్లు దాటింది. ఆ వారమే డాలరు తొంభై రూపాయలు దాటిందని పత్రికల్లో చదివాం. ఇరవై ఏడు వేల పైచిలుకు! విస్తరికి మూడు వందల చొప్పున మా ఊళ్ళో తొంభై మందికి భోజనాలు పెట్టవచ్చని మా వారు అక్కడికక్కడే లెక్క వేసి చెప్పారు. అల్లుడు గారు నవ్వి, అలవాటుగా బిల్లు అడుగున టిప్పు రాసే ఖాళీలో ఏదో అంకె వేయబోయారు. "ఆగండి అల్లుడు గారూ, పైన ఒకసారి వేసేశారు కదా" అని మా వారు చెయ్యి అడ్డం పెట్టారు. కలిసిపోయిన టిప్పు పైన ఒక వరసలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కింద ఖాళీ గీత మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. పదేళ్ళుగా ఆ దేశంలో ఉంటున్న అల్లుడు గారు దానిని గమనించలేదు.

సంతకం పెట్టని ప్రతిని మా వారు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నారు. విజయనగరం వెళ్ళాక తమ్ముడికి చూపించాలట, తొంభై విస్తళ్ళ లెక్క నోటితో చెబితే నమ్మడట. ఇప్పుడది పాస్‌పోర్టుల సంచిలో, సింహాచలం కుంకుమ పొట్లం పక్కన ఉంది.